రెండో తేదీ

"పండగపూట ఆ శవాల గొడవ ఎందుకురా?" అన్నాడు మా బావ, గ్రిల్ మీద మొక్కజొన్న పొత్తుల్ని పటకారుతో తిప్పుతూ.

మే నెల ఆఖరి సోమవారం, మెమోరియల్ డే. వర్జీనియాలో మా ఇంటి వెనక డెక్ మీద నాలుగు కుటుంబాలం చేరాం. మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. యుద్ధంలో ధైర్యం చూపించిన ఒక అమెరికన్ గురించి రెండు పేజీలు రాసి, క్లాసులో నిలబడి చెప్పాలట. ఎవరి గురించి రాస్తున్నావే అని మావయ్య అడిగితే హ్యూ థాంప్సన్ అంది. ఆయనెవరన్నాడు బావ. "వియత్నాంలో హెలికాప్టర్ పైలట్ మావయ్యా. మై లై అనే ఊళ్ళో మన సైనికులు జనాన్ని చంపేస్తుంటే అడ్డం వెళ్ళాడు" అని చెప్పింది. 'మన సైనికులు' అన్నది మా అమ్మాయే. నేను గమనించాను. బావ కూడా గమనించే ఉంటాడు, ఎందుకంటే పటకారు ఒక్క క్షణం ఆగింది.

బావ చెడ్డవాడేం కాదు. చరిత్ర మీద ఆసక్తి ఉన్న మనిషి. అమెరికా అంతర్యుద్ధం నాటి యుద్ధభూమి గెటిస్‌బర్గ్ కి నన్ను మొదట తీసుకెళ్ళింది ఆయనే. కానీ ఈ విషయంలో ఆయన లెక్క వేరు. "వాళ్ళ దేశానికొచ్చాం, వాళ్ళ ఉప్పు తింటున్నాం. రెండో ప్రపంచయుద్ధంలో గెలిచిన నార్మండీ ఉంది, మిడ్‌వే ఉంది, వంద మంచి కథలున్నాయి. వాటిల్లో ఒకటి రాయించు. తద్దినం రోజున ఆ ఇంటి పెద్దాయన తాగి పెళ్ళాన్ని కొట్టేవాడని ఎవడన్నా గుర్తుచేస్తాడా?"

తద్దినం అన్న మాట ఆయన నోటే వచ్చింది కాబట్టి నాకు పని తేలికైంది. మెమోరియల్ డే అంటే పండగ కాదు. పరుపుల మీద డిస్కౌంట్లు, బార్బెక్యూలు వచ్చి అలా అయిపోయింది గానీ, అసలది యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే రోజు. మన మహాలయ అమావాస్యకి దగ్గరిది. మరి తద్దినంలో పేర్లు చెప్పేటప్పుడు మూడు తరాలూ వరసగా చెప్పాలి కదా. నచ్చిన తాత పేరు గట్టిగా చెప్పి నచ్చని తాత పేరు మింగేస్తానంటే పురోహితుడు ఊరుకుంటాడా?

ఆ రోజు వాదన అక్కడ తెగలేదు. పొత్తులు మాడిపోతున్నాయని ఆడవాళ్ళు కేకలేస్తే ఆపాం. తర్వాత వారమంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

కొన్నేళ్ళుగా నాకో అలవాటు. ఏ వీరుడి కథ చదివినా రెండు తేదీలు వెతుకుతాను. మొదటిది ఆ మనిషి ఆ పని చేసిన రోజు. రెండోది, చేసింది మంచి పనేనని దేశం ఒప్పుకున్న రోజు. స్మారకాల మీద సాధారణంగా మొదటి తేదీనే చెక్కుతారు. నా మట్టుకు అసలు చరిత్ర ఆ రెంటి మధ్యా దాక్కుని ఉంటుంది. హ్యూ థాంప్సన్ విషయంలో ఆ తేదీలు 1968 మార్చి 16, 1998 మార్చి 6. పదిరోజులు తక్కువ 30 ఏళ్ళు.

మొదటి తేదీ నాడు ఏం జరిగిందో కొంచెం నిదానంగా చెప్పాలి.

దక్షిణ వియత్నాంలో క్వాంగ్ న్గాయ్ ప్రాంతం, సోన్ మీ అనే ఊరు. దాని కిందికొచ్చే పల్లెల్లో ఒకదాన్ని అమెరికన్లు తమ మ్యాపుల్లో మై లై అని రాసుకున్నారు. అక్కడ శత్రువులుంటారని చెప్పి చార్లీ కంపెనీ అనే సైనిక దళాన్ని దింపారు. ఉన్నది ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. పొద్దున్నే వంటలు చేసుకుంటున్నవాళ్ళు. ఎదురుకాల్పులు లేవు. అయినా గంటల తరబడి చంపారు. వియత్నాం లెక్క ప్రకారం 504 మంది. అమెరికా సైన్యం తేల్చిన లెక్క 347.

పైన ఒక చిన్న హెలికాప్టర్ తిరుగుతోంది. ముందు భాగమంతా గాజుబుడగలా ఉండే పరిశీలన హెలికాప్టర్. దాని పనల్లా కిందకి దిగి, చెట్ల మీదుగా తిరుగుతూ శత్రువు ఎక్కడున్నాడో చూడటం. అందులో ముగ్గురు. పైలట్ థాంప్సన్‌కి 24 ఏళ్ళు, జార్జియాలో స్టోన్ మౌంటెన్ అనే ఊళ్ళో పెరిగినవాడు. క్రూ చీఫ్ గ్లెన్ ఆండ్రియోటాకి 20. గన్నర్ లారెన్స్ కోల్‌బర్న్‌కి 18. మన దగ్గర 18 ఏళ్ళ పిల్లాడు కౌన్సెలింగ్‌కి వెళ్ళాలన్నా సర్టిఫికెట్ల కవరు నాన్న చేతికిచ్చి వెనకాల నడుస్తాడు.

పొలాల్లో గాయపడ్డవాళ్ళు కనిపిస్తే థాంప్సన్ ఆకుపచ్చ పొగ వదిలాడు. ఇక్కడ సాయం కావాలి, ప్రమాదం లేదు అని దానర్థం. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి పొగ వదిలిన చోట ఉన్నవాళ్ళు చచ్చిపోయి ఉన్నారు. తను పెట్టిన గుర్తు చూసే వచ్చి చంపారన్నమాట. ఈ ఒక్క ముక్క చదివినప్పుడు నేను ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు బయట తిరిగొచ్చాను. సాయం కోసం చెయ్యెత్తి చూపించిన వేలే తూటాకి దారి చూపిందని తెలిస్తే, 24 ఏళ్ళ మనిషికి లోపల ఏమైపోతుంది?

ఒక కాలువ నిండా మనుషులు పడి ఉన్నారు. కొందరింకా కదులుతున్నారు. హెలికాప్టర్ దింపి, సాయం చెయ్యమని అడిగాడు. అక్కడున్న లెఫ్టినెంట్ విలియం కేలీ, కింద జరిగేది నేను చూసుకుంటాను, నీ పని నువ్వు చూసుకో అన్నట్టు మాట్లాడాడు. థాంప్సన్ గాల్లోకి లేచాడో లేదో కాలువలోకి మళ్ళీ కాల్పులు మొదలయ్యాయి.

ఆ తర్వాత చూసింది ఒక మట్టి బంకర్. లోపల కొంతమంది దాక్కున్నారు. అటువైపు అమెరికన్ సైనికులు నడిచి వస్తున్నారు. థాంప్సన్ తన హెలికాప్టర్‌ని తీసుకెళ్ళి సరిగ్గా ఆ రెండింటి మధ్యా దింపాడు. దిగేముందు తనవాళ్ళిద్దరికీ ఒక మాట చెప్పాడు. నేను ఆ జనాన్ని బయటికి తెస్తాను, ఈలోపు మనవాళ్ళు గనక వాళ్ళమీద కాలిస్తే, మీరు మనవాళ్ళమీద కాల్చండి అని.

'మనవాళ్ళమీద'. నోటితో చెప్పడానికే నాలుక తిరగని మాట అది. ఆ తర్వాత ఒంటరిగా బంకర్ దగ్గరికి వెళ్ళి, భాష రాదు కాబట్టి చేతులతో సైగలు చేసి, ఒక్కొక్కరినీ బయటికి పిలిచాడు. పదిమంది దాకా ఉన్నారు. తన హెలికాప్టర్‌లో అంతమంది పట్టరు. రేడియోలో తెలిసిన పైలట్లని బతిమాలి, పైన తిరుగుతున్న గన్‌షిప్‌ని, అంటే తుపాకులు బిగించిన పెద్ద హెలికాప్టర్‌ని, కిందకి దింపించి, వాళ్ళని దాన్లో ఎక్కించి పంపాడు. మనుషుల్ని కాల్చడానికి తయారుచేసిన యంత్రం ఆ పూట ఆటోలా రెండు ట్రిప్పులు వేసింది.

వెళ్ళిపోతూ ఇంకోసారి కాలువ మీదుగా తిరిగారు. ఏదో కదిలినట్టు అనిపించింది. ఆండ్రియోటా ఆ శవాల మధ్యకి దిగి, వాటిని తొక్కుకుంటూ, తప్పించుకుంటూ వెళ్ళి, ఒళ్ళంతా రక్తం పూసుకుపోయిన ఒక చిన్నబిడ్డని ఎత్తుకుని పైకొచ్చాడు. ఒంటిమీద గాయమేమీ లేదు. ఆసుపత్రిలో అప్పజెప్పారు. స్థావరానికి వెళ్ళగానే థాంప్సన్ మండిపడుతూ పైవాళ్ళకి చెప్పాడు. కాల్పులు ఆపమని ఆదేశం వెళ్ళింది.

మూడు వారాల తర్వాత, ఏప్రిల్ 8న, ఆండ్రియోటా యుద్ధంలో చనిపోయాడు.

ఇంతవరకూ మొదటి తేదీ. సినిమా అయితే ఇక్కడ వాయిద్యాలు మోగాలి. కానీ ఆ తర్వాత జరిగిందే నా వాదనకి కావాల్సింది.

సైన్యం థాంప్సన్‌ని వెంటనే శిక్షించలేదు. అంతకన్నా తెలివైన పని చేసింది. పతకం ఇచ్చింది. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే గౌరవం. దాంతో పాటిచ్చిన ప్రశంసాపత్రంలో ఏముందంటే, హోరాహోరీ ఎదురుకాల్పుల మధ్య చిక్కుకున్న బిడ్డని కాపాడాడని. ఎదురుకాల్పులెక్కడివి? ఒకవైపు నుంచే కదా కాల్చింది. థాంప్సన్ దాన్ని పారేశాడు.

బావలాంటివాళ్ళతో నా పేచీ ఇక్కడే. మరిచిపోవడమంటే పేరు చెరిపెయ్యడమే అనుకుంటాం. పొగిడి కూడా మరిపించొచ్చు. ధైర్యాన్ని పొగుడుతూ, ఆ ధైర్యం ఎవరికి ఎదురు నిలబడిందో ఆ ఒక్క ముక్క కత్తిరించేస్తే సరిపోతుంది. 'బిడ్డని కాపాడాడు' అన్నది నిజమే. 'ఎవరి నుంచి' అన్నది లేకపోతే ఆ నిజం అబద్ధం పక్కన కూర్చుంటుంది. మంచి కథలు మాత్రమే చెప్పుకుందాం అనే బావకి తెలియకుండానే ఆ ప్రశంసాపత్రం రాసిన గుమాస్తా పని చేస్తున్నాడని నాకనిపిస్తుంది. ఈ మాట ఆయన చదివితే నాతో రెండ్రోజులు మాట్లాడడు. పర్లేదు.

విషయం బయటికి రావడానికి ఏడాదిన్నర పైగా పట్టింది. రాన్ రైడెన్‌అవర్ అనే మాజీ సైనికుడు తోటివాళ్ళ దగ్గర విన్నదంతా 1969 మార్చిలో ఉత్తరం రాసి కాంగ్రెస్ సభ్యులకీ అధికారులకీ పంపాడు. నవంబర్‌లో సీమోర్ హెర్ష్ అనే జర్నలిస్టు వార్త బయటపెట్టాడు. తర్వాత కొద్దిరోజులకే సైనిక ఫొటోగ్రాఫర్ రొనాల్డ్ హేబర్లీ తీసిన ఫొటోలు పత్రికలో వచ్చాయి. అప్పుడైనా థాంప్సన్‌ని నెత్తిన పెట్టుకున్నారా అంటే, లేదు. చట్టసభలో సైనిక వ్యవహారాల కమిటీకి అధ్యక్షుడుగా ఉన్న మెండెల్ రివర్స్, ఈ మొత్తం వ్యవహారంలో శిక్ష పడాల్సినవాడు ఎవడైనా ఉంటే అది తనవాళ్ళమీదే తుపాకి పెట్టించిన ఈ పైలటే అన్న ధోరణిలో మాట్లాడాడు. ఇంటికి చంపేస్తామని ఫోన్లు వచ్చేవి. పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మంలో చచ్చిన జంతువులు.

ఇక కేలీ సంగతి. 1971లో 22 మందిని హత్య చేశాడని రుజువై యావజ్జీవం పడింది. మొత్తం వ్యవహారంలో శిక్ష పడింది అతనొక్కడికే. ఆదేశాలు పాటించానన్నది అతని వాదన. మామూలు తెలివితేటలున్న ఎవడికైనా అది తప్పుడు ఆదేశమని తెలిసేలా ఉంటే, పాటించానన్నది సాకు కాదని సైనిక జడ్జి జూరీకి చెప్పాడు. కానీ జనం కేలీ పక్కన నిలబడ్డారు. వైట్‌హౌస్‌కి టెలిగ్రాములు వెల్లువెత్తాయి. జైల్లోంచి తీసి ఇంట్లో నిర్బంధంలో ఉంచమని అధ్యక్షుడు నిక్సన్ ఆదేశించాడు. చివరికి మూడున్నరేళ్ళలో బయటపడ్డాడు. అప్పుడు జార్జియా గవర్నర్‌గా ఉన్న జిమ్మీ కార్టర్, ఆ తీర్పుకి నొచ్చుకుని, రాష్ట్ర ప్రజలంతా కార్ల లైట్లు పగలు వేసుకుని తిరగమని పిలుపునిచ్చాడు. తర్వాత్తర్వాత మానవహక్కులకి పెద్దదిక్కుగా పేరుపడ్డ కార్టరే. థాంప్సన్‌దీ కేలీకి నీడనిచ్చిన సైనిక స్థావరం ఫోర్ట్ బెన్నింగ్‌దీ ఒకే రాష్ట్రం. రోడ్డు మీద పట్టపగలు లైట్లు వేసుకుని వెళ్తున్న కార్లని చూస్తే థాంప్సన్ సొంత ఊరివాళ్ళకి ఏమనిపించిందో అని నాకు తెలుసుకోవాలనుంటుంది.

రెండో తేదీ దానంతటది రాలేదు. 1989లో బ్రిటిష్ వాళ్ళు తీసిన ఒక డాక్యుమెంటరీ చూసి, క్లెమ్సన్ యూనివర్సిటీలో పనిచేసిన డేవిడ్ ఈగన్ అనే ప్రొఫెసర్ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి రాశాడు. చివరికి సైన్యం ఒప్పుకుంది, కాకపోతే గుట్టుగా ఇచ్చేసి చేతులు దులుపుకుందామనుకుంది. థాంప్సన్ కుదరదన్నాడు. ఇస్తే ముగ్గురికీ ఇవ్వాలి, అందరి ముందూ ఇవ్వాలి అన్నాడు. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం దగ్గర థాంప్సన్‌కీ కోల్‌బర్న్‌కీ సోల్జర్స్ మెడల్ ఇచ్చారు. ఆండ్రియోటాకి చనిపోయిన 30 ఏళ్ళకి.

ఆ పతకానికి ఒక నిబంధన ఉంది. శత్రువుతో నేరుగా పోరాటం లేని సందర్భంలో చూపిన సాహసానికి ఇచ్చేది అది. మునిగిపోయేవాణ్ణి కాపాడితే, మంటల్లోకి దూకి ఎవర్నైనా బయటికి లాగితే ఇస్తారు. మై లై ఏ అరలో పెట్టాలో తెలియక ఈ అరలో పెట్టారు. నిజానికి అదే సరైన అరేమో కూడా. ఆ పొద్దున థాంప్సన్ ఎదురు నిలబడ్డవాళ్ళకి 'శత్రువు' అన్న పేరు ఏ నిబంధనల పుస్తకమూ పెట్టలేదు.

పతకం ఇచ్చిన ఆ 1998 మార్చిలోనే థాంప్సన్, కోల్‌బర్న్ సోన్ మీకి వెళ్ళారు. అక్కడ ప్రాణాలతో మిగిలిన ఒకావిడ, ఆ రోజు కాల్చినవాళ్ళు కూడా మీతో ఎందుకు రాలేదు, వస్తే వాళ్ళని క్షమించేవాళ్ళం కదా అందట. థాంప్సన్ తర్వాత ఉపన్యాసాల్లో ఈ సంగతి చెబుతూ, నాకంత పెద్దమనసు లేదు, ఉందని అబద్ధం చెప్పను అనేవాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది హెలికాప్టర్ దింపినందుకన్నా ఈ మాటకే. 2006 జనవరిలో, 62 ఏళ్ళ వయసులో పోయాడు.

"చివరికి ఇచ్చారుగా! ఎంతమంది ఇస్తార్రా అలా? మన దగ్గర చూపించు" అన్నాడు బావ ఫోన్లో. ఈ ప్రశ్నకి నేను తడబడ్డాను. మన దగ్గర అలా రెండో తేదీ ఉన్న పతకం ఒక్కటి చెప్పమంటే నాకు తట్టలేదు. తన సైన్యానికే ఎదురు నిలబడ్డవాణ్ణి అదే సైన్యం పిలిచి పతకం పెట్టడం చిన్న విషయమేం కాదు. ఒప్పుకుంటాను. కానీ చివరికి ఇచ్చిన రోజు ఇచ్చినవాళ్ళ గొప్పదనం గురించే మాట్లాడుకుని, మధ్యలో ఒక ప్రొఫెసర్ నాలుకతో అంటించిన తపాలా బిళ్ళల్ని మరిచిపోవడం నాకు నచ్చదు.

కాగితాల పనిలో ఆలస్యమైందిలే అని కూడా అనొచ్చు. అదైతే కాదు. డెస్మండ్ డాస్‌ని తీసుకోండి. మతవిశ్వాసం కొద్దీ తుపాకి ముట్టుకోనన్న మనిషి. రెండో ప్రపంచయుద్ధంలో, 1945లో, జపాన్ దీవి ఒకినావాలో ఒక కొండమీంచి 75 మంది గాయపడ్డవాళ్ళని తాడుతో కిందకి దింపాడు. అదే ఏడాది అక్టోబర్‌లో అధ్యక్షుడు ట్రూమన్ మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చాడు, సైన్యంలో అన్నిటికన్నా పెద్ద పతకం. ఐదారు నెలల పని. అదే యుద్ధంలో అదే పతకం నల్లజాతి సైనికుల్లో ఒక్కరికీ రాలేదు. 1997 జనవరిలో ఏడుగురికి ఇచ్చారు. అప్పటికి బతికున్నది వెర్నన్ బేకర్ ఒక్కడే. కాబట్టి ఆలస్యం ఎక్కడ పట్టిందో చూస్తే, ఆ దేశానికి ఏ మాట మింగుడుపడలేదో తెలుస్తుంది.

ఆఫీసు పనిమీద ఓసారి బోస్టన్ వెళ్ళినప్పుడు స్టేట్ హౌస్ ఎదురుగా ఉన్న కంచు ఫలకం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. గుర్రం మీద కర్నల్ రాబర్ట్ గూల్డ్ షా. పక్కన కవాతు చేస్తున్న నల్ల సైనికులు, ఒక్కొక్కరిది ఒక్కో మొహం. అంతర్యుద్ధంలో 54వ మసాచుసెట్స్ రెజిమెంట్ అది. 1863 జులై 18 సాయంత్రం దక్షిణ కెరొలైనాలో ఫోర్ట్ వాగ్నర్ కోట మీదికి ఇసుకలో పరుగెత్తింది. షా అక్కడే చనిపోయాడు. జెండా పట్టుకున్నవాడు పడిపోతే, బానిసగా పుట్టిన విలియం కార్నీ దాన్ని అందుకుని, ఒంట్లో తూటాలు దిగినా నేలకి తగలకుండా వెనక్కి తెచ్చాడు. అతని రెండో తేదీ, మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చిన రోజు, 1900 మే 23. దాదాపు 37 ఏళ్ళు. ఫలకాన్ని 1897లో పెట్టారు. అక్కడ చనిపోయిన నల్ల సైనికుల పేర్లు దాని వెనక చెక్కింది 1980లలో.

అయితే ఆ రెజిమెంట్ చేసిన పనుల్లో నన్ను పట్టి కుదిపేది కోట కాదు, జీతం. తెల్ల సైనికుడికి నెలకి 13 డాలర్లు. వీళ్ళకీ అంతే ఇస్తామని చెప్పి చేర్చుకున్నారు. తీరా చూస్తే 10 డాలర్లన్నారు. అందులో 3 బట్టలకి కోత. చేతికొచ్చేది 7. వాళ్ళు తీసుకోలేదు. తేడా మేం పూడుస్తాం అని మసాచుసెట్స్ రాష్ట్రం ముందుకొస్తే అది కూడా వద్దన్నారు. అడిగేది డబ్బు కాదు, మమ్మల్ని సైనికులుగా లెక్కవెయ్యడం అన్నారు. 18 నెలలు. ఇంటిదగ్గర పెళ్ళాం పిల్లలు పస్తులు. ఇటు యుద్ధం ఆగదు, అటు జీతం రాదు. 1864 జూన్‌లో కాంగ్రెస్ దిగొచ్చింది.

కోట మీదికి పరుగెత్తడానికి కావాల్సిన ధైర్యం నాకు లేదని నాకు తెలుసు, దాన్ని దూరం నుంచి చూసి దండం పెడతాను. కానీ జీతం నాకు తెలిసిన విషయం. ఒకటో తారీఖు అకౌంట్‌లో పడాల్సింది మూడో తారీఖుకి పడితేనే మా ఇంట్లో టెన్షన్. ప్రతినెలా కళ్ళముందు పెట్టిన డబ్బుని ప్రతినెలా వద్దనడం, పైగా ఆ డబ్బిచ్చే సర్కారు కోసమే తూటాలకి ఎదురెళ్ళడం ఎలా సాధ్యమైందో నాకు అంతుపట్టదు. దానికి పతకం లేదు. అసలు ఏ రోజుకని ఇస్తారు?

అన్నట్టు, మెమోరియల్ డే మూలాల్లో ఒకటి ఆ ఫోర్ట్ వాగ్నర్‌కి దగ్గర్లోనే ఉంది. 1865 మే 1న చార్ల్‌స్టన్‌లో, బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ నల్లవాళ్ళు, గుర్రప్పందేల మైదానంలో గోతుల్లో పడేసిన 257 మంది యూనియన్ (ఉత్తరాది పక్షం) సైనికుల్ని తీసి, విడివిడిగా సమాధులు కట్టి, పూలు చల్లి ఊరేగింపు చేశారు. 54వ రెజిమెంట్ ఆ కవాతులో ఉంది. ఈ సంగతి నూరేళ్ళకి పైగా మరుగునపడి, 1990లలో డేవిడ్ బ్లైట్ అనే చరిత్రకారుడి కంటబడింది. ఆ రోజుకి కూడా రెండో తేదీ ఉందన్నమాట. బావకి ఇది చెబితే మాత్రం నచ్చింది, ఎందుకంటే ఇది మంచి కథ.

ఇక 'వాళ్ళ ఉప్పు' సంగతి.

భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ 1918లో అమెరికా సైన్యంలో చేరాడు. తలపాగాతోనే. యుద్ధరంగానికి వెళ్ళకముందే యుద్ధం అయిపోయింది, కాబట్టి ఆయన్ని లేనిపోని వీరుణ్ణి చెయ్యను. యూనిఫాంలో ఉండగా డిసెంబర్ 9న పౌరసత్వం ఇచ్చారు. నాలుగు రోజుల తర్వాత లాగేసుకున్నారు. తెల్లవాడు కాదని. ఆయన మళ్ళీ దరఖాస్తు చేసి, గెలిచి, చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1923 ఫిబ్రవరి 19న కోర్టు ఏకగ్రీవంగా కాదు పొమ్మంది. సరిగ్గా అదే తేదీన, 1942లో, జపనీస్ మూలాలున్న లక్షమందికి పైగా జనాన్ని ఇళ్ళలోంచి లేపి ముళ్ళకంచెల వెనక్కి పంపడానికి దారితీసిన ఉత్తర్వు మీద అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం పెట్టాడు. ఆ కంచెల వెనక అమ్మానాన్నల్ని వదిలి వచ్చిన కుర్రాళ్ళు 442వ రెజిమెంట్‌లో చేరి, 1944 అక్టోబర్‌లో ఫ్రాన్స్ అడవుల్లో చిక్కుకుపోయిన 211 మంది అమెరికన్ సైనికుల్ని విడిపించారు. ఆ రెజిమెంట్‌లో చాలామందికి మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది 2000 జూన్‌లో. థింద్‌కి పౌరసత్వం 1936లో, అదీ మొదటి ప్రపంచయుద్ధ సైనికుల కోసం చేసిన ప్రత్యేక చట్టం కింద. మిగతా భారతీయులకి 1946 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు.

నేను పద్నాలుగేళ్ళు ఎదురుచూశాక ఆ తలుపులోంచి లోపలికి వచ్చాను. పౌరసత్వం దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది, చట్టం కోరితే ఈ దేశం తరఫున ఆయుధం పడతావా అని. మనవాళ్ళలో ఆ ప్రశ్న దగ్గర పెన్ను ఆపినవాణ్ణి నేను చూడలేదు. అవును అని టిక్కు పెట్టేసి, అడ్రస్ స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో మూడుసార్లు చూసుకుంటాం. తర్వాత హాల్లో చెయ్యెత్తి నిలబడి అదే మాట గట్టిగా అంటాం. బావ కూడా అన్నాడు. అతిథి అయితే ఇంటి గుట్టు మాట్లాడకూడదు, నిజమే. ఆయుధం పడతానని చెయ్యెత్తినవాడు అతిథి ఎలా అవుతాడు? పట్టాక, కాలువ ఒడ్డున నిలబడ్డ కేలీలాంటివాడు కాల్చమంటే ఏం చెయ్యాలో తెలుసుకోవాల్సిన అవసరం కూడా అప్పుడే నెత్తిన పడుతుంది. మా అమ్మాయి 'మన సైనికులు' అన్నప్పుడు, దానికి తెలియకుండానే, మేమిద్దరం టిక్కు పెట్టి వదిలేసిన ప్రశ్న దగ్గర ఆగింది.

మా నాన్నగారు ఇక్కడికొచ్చినప్పుడు అందర్లాగే లింకన్ స్మారకం చూపించి, పక్కనే కదా అని ఆ వియత్నాం గోడ దగ్గరికి తీసుకెళ్ళాను. నల్లటి నున్నటి గ్రానైట్. అద్దంలా మన మొహం మనకి కనిపిస్తుంది. ఆయన అదేంటో తెలియక, గోడలో చూసుకుంటూ జేబులోంచి దువ్వెన తీసి రెండుసార్లు తల దువ్వుకున్నారు. తర్వాత తన నుదుటిమీద అక్షరాలున్నట్టు కనబడి దగ్గరికి వంగారు. పేర్లు. 58 వేలకి పైగా పేర్లు. చటుక్కున దువ్వెన జేబులో పెట్టేసుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశారు. కారెక్కేదాకా మాట్లాడలేదు.

అక్కడ హోదాల్లేవు, అక్షరక్రమం లేదు. చనిపోయిన తేదీల వరసలో రాశారు. ఎవరి పేరైనా కావాలంటే గోడకి రెండు చివర్లా పెట్టిన లావాటి పుస్తకంలో వెతికి, ఏ పలక, ఎన్నో వరస చూసుకుని వెళ్ళాలి. పోయిన శనివారం మా అమ్మాయి తన ప్రాజెక్టు కోసం ఆండ్రియోటా పేరు చూడాలంది. అక్కడ పార్కింగ్ దొరకదు నేను దింపుతానని బావ వచ్చాడు. దారిలో, "ఇప్పటికీ నా మాట నాదే" అని ముందే చెప్పేశాడు. కారాపి వెళ్ళిపోతాడనుకున్నాను. ఎక్కడో చోటు సంపాదించి, మాకన్నా పావుగంట ఆలస్యంగా, చెమటలు తుడుచుకుంటూ నడిచొచ్చాడు.

పసుపు చొక్కా వాలంటీరు ఒకాయన సన్నటి కాగితం చీలిక, మెత్తటి పెన్సిలు ఇచ్చాడు. పేరు మీద కాగితం పెట్టి అడ్డంగా రుద్దితే అక్షరాలు దిగుతాయి. పేరు పక్కన వజ్రం ఆకారంలో చిన్న గుర్తుంది. అదేంటని బావ అడిగాడు. చనిపోయినట్టు నిర్ధారణ అయిందని గుర్తు, ఆచూకీ దొరకనివాళ్ళకి శిలువ ఆకారం ఉంటుందని మా అమ్మాయి చెప్పింది. "ఈ అబ్బాయేం చేశాడు?" అన్నాడు బావ. హెలికాప్టర్ నడిపినతను కాదు కదా అని ఆయన అనుమానం.

"కాలువలోకి దిగింది ఇతనే మావయ్యా."

గాలి విసురుగా ఉంది. కాగితం నిలవడం లేదు. బావ కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, వంగి, కాగితం రెండు మూలల్నీ బొటనవేళ్ళతో గోడకి నొక్కిపట్టాడు. అది పెన్సిలు రుద్దుతోంది. నల్లటి గీతల్లోంచి ముందు 'జి' తెల్లగా తేలింది, తర్వాత 'ఎల్'.

"కొంచెం కిందకి పట్టుకో మావయ్యా," అంది. "అక్షరాలు సగానికి తెగిపోతున్నాయి."